ఎగ్జిబిషన్ నుంచి లంక దాకా

యాత్ర చేసి వచ్చినవాళ్ళు కాళ్ళకంటిన దుమ్ము పోకముందే ఆ ముచ్చట్లు రాసేయాలంటారు. నేను చాలా ఆలస్యం చేశాను. ఆ ప్రయాణానికి వెళ్ళినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నా జుట్టంతా నెరిసింది. దూరం లెక్క చూస్తే అదేం పెద్ద యాత్ర కాదు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, అక్కణ్ణుంచి కొల్లేటి నడుమ ఉన్న మా అమ్మమ్మగారి లంక, మళ్ళీ ఏలూరు. ఆ తర్వాత నేను కాశీ వెళ్ళాను, రామేశ్వరం వెళ్ళాను. వాటి గురించి ఎవరైనా అడిగితే గుళ్ళ పేర్లు చెప్పగలనేమో. ఈ ప్రయాణంలో అయితే ఎవరు ఏ గుడ్డ కట్టుకున్నారో కూడా చెప్పగలను.

మాకు గూడెంలో సైకిలు షాపు ఉండేది. నాన్న అద్దెకు సైకిళ్ళిచ్చేవాడు, పంచర్లు వేసేవాడు. అమ్మ తమ్ముడు సూర్యం మామయ్య లంకలో బడి అయిపోయాక పని నేర్చుకుంటానని మా ఇంటికి వచ్చి, నాన్న దగ్గర చేరాడు. ఒకసారి ఊళ్ళోకి వచ్చిన ఎగ్జిబిషన్ వాళ్ళు ఒక మోటారుసైకిలు బాగుచేయమని తెచ్చారు. నాన్న బాగుచేశాడు, మామయ్య నడిపి చూశాడు. ఎగ్జిబిషన్ డేరాలు పీకిన రోజున వాళ్ళతోపాటు మామయ్య కూడా వెళ్ళిపోయాడు.

తాతయ్య లంక నుంచి వచ్చి మా గుమ్మంలో నిలబడి నాన్నతో ఒకే మాట అన్నాడట. "నా కొడుకుని నీకు అప్పజెప్పాను. నువ్వు వాణ్ణి రోడ్డుకి అప్పజెప్పావు." ఇంట్లోకి రాకుండా, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అమ్మ పుట్టింటికి వెళ్ళలేదు. రమ్మని వాళ్ళు అనలేదు, వెళతానని అమ్మా అనలేదు.

మూడేళ్ళు అలాగే గడిచాయి. ఒకరోజు షాపుకి వచ్చినాయన ఎవరో, ఏలూరులో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారనీ, అందులో మీ బావమరిది గోడల మీద మోటారుసైకిలు తోలుతున్నాడనీ నాన్నతో చెప్పాడు. ఆ రాత్రి అన్నాలు తింటుంటే అమ్మ తలెత్తకుండా, "పిల్లలు ఎగ్జిబిషన్ చూస్తామని గొడవ చేస్తున్నారండీ," అంది. నేనూ, అయిదేళ్ళ తమ్ముడు బుజ్జీ మొహమొహాలు చూసుకున్నాం. ఆ మాట మేమిద్దరం అసలెప్పుడూ అనలేదు. నాన్న కూడా మావైపు చూడకుండా, "మరీ అంతగా అడుగుతుంటే వెళ్దాంలే," అన్నాడు.

పాసింజరు బండిలో

మాఘమాసపు చలి ఇంకా పూర్తిగా పోలేదు. తెల్లవారుజాము బండికి గూడెం స్టేషన్లో ఎక్కాం. అమ్మ నిమ్మకాయ పులిహోర కలిపి అరిటాకుల్లో పొట్లాలు కట్టింది. బుజ్జికి కిటికీ పక్కన చోటిచ్చారని నేను అలిగాను. చేబ్రోలు దాటేసరికి బుజ్జి కంట్లో బొగ్గు నలుసు పడింది. వాడు ఏడుస్తూ లేచి వచ్చేశాడు, కిటికీ నాదయింది.

మాకెదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. ద్వారకా తిరుమలలో మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళుతోంది. కోడలూ కొడుకూ పిల్లాణ్ణి ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఆవిడ కొంగుముడి విప్పి, బెల్లంముక్కా వేయించిన శనగలూ మా చేతుల్లో పోసింది. మా ఇంట్లో ఎవరో తెలియనివాళ్ళు పెట్టింది తినకూడదని కట్టడి. ఆ రోజు అమ్మ చూసి కూడా ఏమీ అనలేదు. ఆవిడ అమ్మనే చూస్తూ, "పుట్టింటికా తల్లీ?" అని అడిగింది.

"కాదండీ, ఎగ్జిబిషన్ చూడ్డానికి."

"ఎగ్జిబిషన్‌కెళ్ళే వాళ్ళ మొహం ఇలా ఉండదమ్మా," అని ఆవిడ మిగిలిన శనగలు అమ్మ ఒళ్ళో పోసింది. భీమడోలులో దిగుతూ అమ్మ తలమీద చెయ్యి పెట్టి వెళ్ళింది. అమ్మ ఏలూరు దాకా కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బొగ్గు నలుసు అమ్మ కంట్లో కూడా పడిందనుకున్నాను.

ఏలూరు

స్టేషన్ నుంచి జట్కా మాట్లాడుకుని సత్రానికి వెళ్ళాం. గూడెంలో జట్కావాళ్ళు బేరం కుదరకపోతే మొహం తిప్పుకునేవారు. ఏలూరు జట్కా అబ్బాయి మాత్రం, "మీరు బాధపడకండి, నేనూ బాధపడను, మధ్యలో ఉండేదివ్వండి," అని నవ్వుతూ అర్ధణా ఎక్కువే పుచ్చుకున్నాడు. దారిలో కాలవలూ, కాలవల మీద వంతెనలూ, వంతెనల కింద ధాన్యం పడవలూ. ఇళ్ళ మధ్య నుంచి పడవలు పోతుంటే, ఈ ఊరివాళ్ళు కిటికీలోంచి చెయ్యి చాపి పడవెక్కేయొచ్చు కదా అని బుజ్జి అడిగాడు.

మధ్యాహ్నం హోటల్లో అట్లు తిన్నాం. మా ఊళ్ళో హోటలంటే మగవాళ్ళు వెళ్ళేది. ఇక్కడ ఆడవాళ్ళు కూడా కూర్చుని తింటుంటే అమ్మ ఆశ్చర్యపోయింది. అయినా గోడవైపు తిరిగి కూర్చుంది. అట్టుతో పాటు గిన్నెలో పోసిన సాంబారు నాకు పులుసులా అనిపించి అన్నం అడిగాను. వడ్డించే అతను నవ్వలేదు. లోపలికి వెళ్ళి నిజంగానే గుప్పెడన్నం తెచ్చి పెట్టాడు. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు.

సాయంత్రం దాకా పొద్దుపోవాలని నాన్న మమ్మల్ని తివాచీలు నేసే వీధికి తీసుకెళ్ళాడు. ఇంటింటా నిలువు మగ్గాలు. ఒక ముసలాయన మా వేళ్ళు పట్టుకుని ఉన్ని కుచ్చుల మీద రుద్దించాడు. పిల్లిపిల్ల వీపులా ఉంది. ఇవి ఓడలెక్కి దొరల సీమకి పోతాయన్నాడు. మీ ఇంట్లో కూడా ఇలాంటివి పరుచుకుంటారా అని నేనడిగితే, తాటాకు చాప చూపించాడు.

దీపాల వాకిలి

ఇప్పటి పిల్లలకి ఆ ఎగ్జిబిషన్ వాకిలి ఎలా చెప్పాలో నాకు తెలియదు. మా వీధిలో అప్పటికింకా కరెంటు స్తంభాలు లేవు. అంత వెలుతురు ఒక్కచోట ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఎర్రవీ పచ్చవీ దీపాలు కమానంతా పాకుతూ వెలిగి ఆరుతున్నాయి. లోపల మైకుల్లో పాటలు, మిరపకాయ బజ్జీల నూనె వాసన, కొత్తగా తొక్కిన రంపపు పొట్టు వాసన. మనిషికి బేడ, అంటే రెండణాలు, టిక్కెట్టు; చంటిపిల్లలకి లేదు. బుజ్జి చంటిపిల్లాడేనని నాన్న అంటే, గేటు దగ్గరున్నాయన వాణ్ణి కిందా మీదా చూసి, "మీసాలొచ్చేలోపు మళ్ళీ తీసుకురండి," అని వదిలేశాడు.

ముందు గుర్రాల రాట్నమెక్కాం. నా గుర్రానికి ఒక చెవి లేదు, అయినా దాన్నే ఎక్కాను. తర్వాత పీచు మిఠాయి. గులాబిరంగు దూదిలా ఉన్నది నోట్లో పెట్టుకోగానే మాయమైపోతే బుజ్జి మోసపోయాననుకుని ఏడ్చాడు. బల్ల మీద తల మాత్రమే ఉండి మాట్లాడే ఆడమనిషిని చూశాం. ఏ ఊరమ్మా అని నాన్న అడిగితే, "పాతాళం" అంది. నా కంటికైతే ఆవిడకి జలుబు చేసినట్టు కనిపించింది. అద్దాల గదిలో నాన్న పొట్టిగా, లావుగా కనబడేసరికి అమ్మ ఒక్కసారి గట్టిగా నవ్వింది. అంతలోనే ఎందుకు నవ్వానా అన్నట్టు ఆగిపోయింది. అక్కడే బుజ్జి తప్పిపోయాడు. ఎటు చూసినా వాడే కనిపిస్తున్నాడు, చెయ్యి చాపితే అద్దం తగులుతోంది. చివరికి వాడే వచ్చి నాన్న పంచె పట్టుకున్నాడు. అంతమంది బుజ్జిలు ఇంటికొస్తే అన్నం సరిపోదని బయటికొచ్చేశానన్నాడు.

పెద్ద రంగులరాట్నం మీద నేనూ నాన్నా ఎక్కాం. పెట్టె పైకి పోతుంటే ఏలూరు మొత్తం కిందికి దిగిపోయింది. కాలవలు వెండి తీగల్లా, స్టేషను దీపాలు మిణుగురుల్లా, దూరంగా పొలాలు దాటి నల్లగా ఏదో చదును. "అదే కొల్లేరు. అమ్మమ్మ వాళ్ళు అటున్నారు," అని నాన్న చెయ్యి చాపాడు. అదే సమయంలో నాన్న చెప్పు జారి కిందికి పడిపోయింది. దిగాక ఆ చెప్పు ఒక బఠాణీల బండిమీద దొరికింది. బండతను కోప్పడకుండా, చెప్పు పడ్డచోట ఉన్న బఠాణీలన్నీ మాకే కట్టిచ్చి, ఆ డబ్బు పుచ్చుకున్నాడు.

అలా తిరుగుతూ తిరుగుతూ ఒక మూలకి వచ్చాం. అమ్మ అప్పటిదాకా దేనివైపూ సరిగా చూడలేదని నాకప్పుడు అర్థమైంది. అమ్మ చూస్తున్నది ఆ మూలవైపే.

చెక్కబావి

తాటిచెట్టంత ఎత్తున చెక్కలతో కట్టిన గుండ్రటి బావి అది. బయటివైపు మెట్లు. జనం పైకెక్కి అంచు చుట్టూ నిలబడి లోపలికి చూస్తారు. అడుగున మోటారుసైకిలు మొదలుపెట్టి, గోడల మీద తిరుగుతూ పైకి తోలడమే ఆట. మెట్ల దగ్గర టిక్కెట్లిచ్చే అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. జుట్టు మెడదాకా కత్తిరించుకుంది. అలాంటి జుట్టున్న ఆడదాన్ని నేనెప్పుడూ చూడలేదు. నాన్న డబ్బులు చాపితే ఆమె తీసుకోలేదు. అమ్మ మొహమే చూస్తోంది.

"మీరు ఆయనక్కగారు కదండీ. ముక్కు అదే," అంది.

అమ్మ మెట్లవైపు నడిచింది. పైకెక్కాం.

మోటారు మొదలయ్యేసరికి చెక్కలన్నీ కాళ్ళ కింద అదరడం మొదలెట్టాయి. అమ్మ అంచు కమ్మీ పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "చూస్తున్నావా?" అంది.

"చూస్తున్నానమ్మా."

"ఎక్కడున్నాడు?"

నేను చెప్పడం మొదలెట్టాను. కిందున్నాడు. గోడెక్కాడు. సగం దాకా వచ్చాడు. మన కిందికొచ్చాడు, అటెళ్ళాడు. చేతులొదిలేశాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది, అమ్మ గోళ్ళు నా చేతిలో దిగాయి. మళ్ళీ పట్టుకున్నాడు, దిగుతున్నాడు, దిగాడు. జనం చప్పట్లు కొట్టాక గానీ అమ్మ కళ్ళు తెరవలేదు. మామయ్య బావి అడుగున నిలబడి, తల పైకెత్తి నమస్కారం పెడుతున్నాడు. మమ్మల్ని చూడగానే ఆ చేతులు అలాగే ఉండిపోయాయి.

డేరా వెనక

డేరా వెనకాల పెట్టెలు, గుడ్డలారేసిన తాళ్ళు, ఒక కిరసనాయిలు స్టవ్వు. మామయ్య వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు మా షాపులో టైర్లకి గాలి కొట్టే సన్నటి మనిషి. ఇప్పుడు భుజాలు వెడల్పయ్యాయి, ఎడమ చెంప మీద గీతలా ఒక మచ్చ పడింది. అమ్మ ఆ మచ్చ మీద వేలు పెట్టి, తీసేసింది. నాన్నని చూసి మామయ్య తల దించుకున్నాడు. నాన్న మాత్రం స్టవ్వు పక్కన ఆపిన మోటారుసైకిలు దగ్గర కూర్చుని, గొలుసు బిగువు చూసి, వదులయిందనీ స్పానరు ఇమ్మనీ అడిగాడు. వాళ్ళిద్దరి మధ్యా జరిగిన క్షమాపణలూ పలకరింపులూ అవే.

టిక్కెట్లమ్మిన అమ్మాయి మాకు టీ తెచ్చింది. పేరు చంద్ర. మామయ్య ఆమెను పెళ్ళి చేసుకుని ఏడాది దాటిందట. ఆమె తండ్రి ఈ ఆటలోనే పేరు మోసినవాడు, మామయ్యకి నేర్పింది ఆయనే. తల్లి ఎప్పుడో పోయింది. పుట్టింది డేరాలో, పెరిగింది డేరాలో; వాళ్ళింటి భాష తెలుగు కాదు. నిన్నమొన్నటిదాకా తనూ ఆ గోడల మీద తోలేదట. ఇప్పుడెందుకు టిక్కెట్లమ్ముతోందో ఆమె వంగి గ్లాసులు తీస్తుంటే అమ్మకి తెలిసింది. కడుపుతో ఉంది.

ఇక్కణ్ణుంచి ఎటు వెళతారని అమ్మ అడిగింది. ముందు విజయనగరం, ఆపైన ఒరిస్సా. మరి పురుడు ఎవరు పోస్తారని అడిగింది. మామయ్య చంద్ర వైపు చూశాడు. అమ్మ గ్లాసు కింద పెట్టి, "ఈ పిల్లని నేను లంకకి తీసుకెళతాను," అంది.

"నాన్న గుమ్మం ఎక్కనివ్వడక్కా."

"ఆ గుమ్మం మన అమ్మది కూడానురా."

మా అమ్మ అంత నెమ్మదిగా, అంత గట్టిగా మాట్లాడగా నేను అదే మొదటిసారి వినడం. నాన్న స్పానరు తుడిచి మామయ్య చేతికిచ్చి, నేనూ వస్తానన్నాడు. మామయ్యకి ఆటలున్నాయి కాబట్టి కదలడానికి లేదు. చంద్ర మాత్రం ఎవరివైపూ చూడకుండా ఒక చిన్న రేకుపెట్టెలో తన బట్టలు సర్దుకోవడం మొదలెట్టింది. ఆ సర్దడం చూస్తే, రమ్మనేవాళ్ళ కోసం చాలా రోజులుగా ఎదురు చూస్తున్నట్టుంది.

కొల్లేటి మీద

మర్నాడు ఎద్దుబండి మీద కొల్లేటి గట్టుకి చేరి, అక్కడ దోనె ఎక్కాం. తాటిమాను తొలిచి చేసిన సన్నటి పడవ అది. వెనక నిలబడి వెదురు గెడతో నెడతారు. చంద్రత్త ఎక్కగానే రెండంచులూ పట్టుకుని బిగుసుకుపోయింది. గోడల మీద మోటారుసైకిలు తోలిన మనిషి నీళ్ళు చూసి భయపడుతుంటే బుజ్జికి నవ్వాగలేదు. "గోడ కదలదు కదా బాబూ," అంది ఆమె.

నీళ్ళు కొన్నిచోట్ల అద్దంలా, కొన్నిచోట్ల కిక్కిస గడ్డితో పచ్చగా. గూడకొంగలు బారులు తీరి, మా దోనె దగ్గరికొస్తే విసుక్కుంటూ పక్కకి జరిగాయి. దోనె నడిపే ఆయన మా అమ్మని చిన్నప్పట్నుంచీ ఎరుగును. చంద్రత్త ఎవరని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. కానీ ఎదురొచ్చిన ప్రతి దోనెకీ అమ్మ పేరు పెట్టి, "జానకమ్మ వస్తుందోయ్, కూడా ఒక అమ్మాయి ఉందోయ్," అని కేకేసి చెప్పాడు. మేం లంక చేరేలోపే మా కబురు చేరింది. గూడెంలో ఉత్తరం రావడానికి పట్టే కాలం తలుచుకుంటే ఇక్కడి తపాలా మేలనిపించింది.

లంక అంటే నీళ్ళ మధ్య మట్టిదిబ్బ. దానిమీద తాటాకిళ్ళు. తలుపులకి గడియలున్నాయి గానీ తాళాలు లేవు. గేదెలు పొద్దున్నే ఈదుకుంటూ మేతకి పోయి, సాయంత్రం ఈదుకుంటూ వస్తాయి. మా ఊళ్ళో వీధిలో వాళ్ళని పిలవాలంటే తలుపు తట్టాలి, ఇక్కడ ఇంట్లోంచే పిలిస్తే నీళ్ళ మీదుగా అవతలి దిబ్బకి కూడా వినబడుతుంది.

తాతయ్య అరుగు మీద వల అల్లుతున్నాడు. లేవలేదు. బుజ్జినీ నన్నూ చూసి కళ్ళు ఒకసారి మెత్తబడ్డాయి, అంతే. నాన్న అరుగు రెండో చివర కూర్చున్నాడు. అమ్మమ్మ లోపల్నుంచి వచ్చి అమ్మని కావలించుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక చంద్రత్తని, ఆమె జుట్టునీ, కడుపునీ చూసి ఆగిపోయింది. అమ్మ చెప్పాల్సింది చెప్పింది. అమ్మమ్మ ఏమీ తేల్చుకోలేక, చేతిలో చెంబు చాపి, అలసిపోయావా అని మాత్రం అడిగింది.

"ఏం లేదమ్మోయ్, బానే ఉన్నాను," అంది చంద్రత్త.

అమ్మమ్మ చేతిలో చెంబు వంగి నీళ్ళు కారిపోయాయి. అరుగు మీద తాతయ్య చెయ్యి ఆగింది. చంద్రత్త మొత్తం తెలుగు మామయ్య దగ్గరే నేర్చుకుంది. ఆమెకి వచ్చిన తెలుగంతా ఒక్క మనిషిది. ఆ మాట విరుపు, ఆ చివర్న దీర్ఘం, అచ్చంగా మామయ్యవే. మూడేళ్ళుగా ఆ ఇంట్లో వినబడని గొంతు ఎవరో పరాయిపిల్ల నోట్లోంచి వచ్చింది. "మళ్ళీ మాట్లాడమ్మా," అంది అమ్మమ్మ, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి.

ఆ పూట బొమ్మిడాయిల పులుసు. గూడెంలో అమ్మ చేసే పులుసులో చింతపండు ఎక్కువ, ఇక్కడ కారం ఎక్కువ. చంద్రత్త కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపకుండా తింది. అమ్మమ్మ నాన్నకీ తాతయ్యకీ పక్కపక్కనే పీటలు వేసింది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని, ఒక్క మాట లేకుండా తిని లేచారు.

మావుల దగ్గర

మర్నాడు పొద్దున తాతయ్య మావులు ఎత్తడానికి బయల్దేరాడు. మావులంటే చేపల కోసం నీళ్ళలో పెట్టే వెదురు బుట్టలు. నేను వెంటపడ్డాను. చంద్రత్త గట్టు మీద నిలబడి, తనూ రావచ్చా అని అడిగింది. తాతయ్య దోనెని గట్టుకి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

తాతయ్య ఒక్కో మావు ఎత్తి, చేపలు దోనెలో గుమ్మరించి, మళ్ళీ ముంచుతున్నాడు. కొర్రమీను ఒకటి ఎగిరి చంద్రత్త పాదాల మీద పడితే, ఆమె కాళ్ళు ముడుచుకుంది గానీ అరవలేదు. అప్పుడు తాతయ్య, మాకు వీపు పెట్టి నిలబడి, నీళ్ళనే చూస్తూ అడిగాడు.

"వాడు పడతాడా?"

"రెండుసార్లు పడ్డారండి."

"ఎక్కడ తగిలింది?"

చంద్రత్త తన భుజం మీదా, చెంప మీదా చెయ్యి పెట్టుకుని చూపించింది. తాతయ్య వెనక్కి తిరక్కుండా చూడలేడని గుర్తొచ్చి, మళ్ళీ నోటితో చెప్పింది. తాతయ్య ఇంకో మావు ఎత్తాడు. అందులో ఏమీ లేదు. దాన్ని అలాగే పట్టుకుని, "నీ తండ్రి ఏడి?" అన్నాడు.

"పోయారండి. ఆ గోడ మీదే."

"తర్వాత కూడా ఎక్కావా నువ్వు?"

"మర్నాడు ఆట ఉందండి. టిక్కెట్లు అమ్మేశారు. ఎక్కాను."

తాతయ్య ఖాళీ మావుని నీళ్ళలో దించాడు. "మా నాన్న ఈ నీళ్ళలోనే పోయాడు, గాలివానలో," అన్నాడు. "మూడోనాడు నేను వల పట్టుకుని ఇటే వచ్చాను. మా అమ్మ గట్టు మీద నిలబడి నన్ను తిట్టింది. నేను ఆగలేదు."

అని, గెడ వేసి దోనె తిప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు, అంచులు అంత గట్టిగా పట్టుకోకూడదనీ, ఒళ్ళు వదులుగా ఉంచితే దోనె తనే నిలబడుతుందనీ చంద్రత్తకి చెప్పాడు. ఆమె ఒక చెయ్యి వదిలింది. గట్టు దగ్గరికొచ్చేసరికి రెండోది కూడా వదిలింది.

చంద్రత్త అక్కడే ఉండిపోయింది. జ్యేష్ఠంలో తొలివానలు పడుతుంటే అమ్మమ్మే దగ్గరుండి పురుడు పోసింది. పుట్టింది ఆడపిల్ల. నడక రాకముందే ఈత వచ్చిన పిల్ల. మామయ్య ఇంకా కొన్నేళ్ళు ఆ గోడల మీద తోలాడు. ఊరికీ ఊరికీ మధ్య దొరికిన రోజుల్లో లంకకి వచ్చేవాడు. తర్వాత ఏలూరులో మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. అదంతా తర్వాతి మాట.

మళ్ళీ ఏలూరు

మేం బయల్దేరే రోజున తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని, కండువా వేసుకుని దోనె దగ్గర నిలబడ్డాడు. గట్టు దాకా వస్తానన్నాడు. గట్టు చేరాక, బండి దొరికేదాకా ఉంటానన్నాడు. బండి దొరికాక, ఒంటెద్దు బండి నమ్మకం లేదని తనూ ఎక్కాడు. దారిలో నాన్నతో, మీ ఊళ్ళో చక్రాలకి ఏ నూనె వేస్తారు అని అడిగాడు. మూడేళ్ళ తర్వాత మామగారు అల్లుడితో అన్న మొదటి మాట అది. నాన్న దానికి చాలా వివరంగా జవాబు చెప్పాడు.

ఎగ్జిబిషన్ చేరేసరికి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. తాతయ్య వాటిని చూడలేదు. గుర్రాల రాట్నం, పీచు మిఠాయి, మాట్లాడే తల, అన్నీ దాటించి అమ్మ ఆయన్ని చెక్కబావి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆట మొదలవబోతోంది. నాన్న టిక్కెట్టు కొనబోతే తాతయ్య వద్దన్నాడు. మెట్లెక్కలేనన్నాడు. తాటిచెట్లెక్కే మనిషి.

ఆయన బావి పక్కన, చెక్కలకి వీపు ఆనించి నేలమీద గొంతుక్కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మోటారు మొదలైంది. ఆ శబ్దం మా వీపుల వెనకగా వెళ్ళింది, దూరమైంది, మళ్ళీ వచ్చింది. పైపైకి పోయింది. పైన జనం ఒక్కసారి హోరుమన్నారు. తాతయ్య కండువా కొస నోట్లో కుక్కుకుని కళ్ళు తెరిచే ఉన్నాడు. శబ్దం వెళ్ళినవైపల్లా ఆయన తల కొద్దికొద్దిగా తిరుగుతోంది. నీళ్ళ అడుగున చేప ఎటు పోతోందో పైనుంచి కనిపెట్టేవాడిలా.

శబ్దం కిందికి దిగింది, సన్నబడింది, ఆగింది. చప్పట్లు మోగాయి. తాతయ్య చెక్కలు పట్టుకుని లేచాడు.

కింద చిన్న తలుపు తీసుకుని మామయ్య బయటికి వచ్చాడు. మొహమంతా చెమట, నూనె మరకలు. తండ్రిని చూసి అక్కడే నిలబడిపోయాడు. తాతయ్యే ముందుకు నడిచి, మామయ్య రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకున్న మరుక్షణం తలెత్తి కొడుకు మొహంలోకి చూశాడు.

"వణుకుతున్నాయేరా."

"అది బండి వణుకు నాన్నా. దిగాక కూడా కాసేపు ఉంటుంది. అదే పోతుంది."

మైకులో తర్వాతి ఆటకి టిక్కెట్లు తీసుకోమని పిలుస్తున్నారు, జనం మమ్మల్ని తోసుకుంటూ మెట్లెక్కుతున్నారు. వాళ్ళందరి మధ్యా ఆయన అలాగే నిలబడి, ఆ వణుకు పూర్తిగా పోయేదాకా కొడుకు చేతులు వదల్లేదు.